బూత్ చేత తుపాకీ పట్టించింది రంగస్థలమా, రాజకీయమా?

కృష్ణాతీరం:

పోయిన నెల వర్జీనియాలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్ చూసొచ్చాను. 1865 ఏప్రిల్ 14 రాత్రి అమెరికా అధ్యక్షుడు లింకన్‌ని కాల్చిన చోటు. కింద మ్యూజియం ఉంది. అద్దం వెనక ఆ పిస్తోలు పెట్టారు. అరచేతిలో ఇమిడిపోయేంత డెరింజర్. ఒక్కసారి పేలుతుంది, అంతే. పైన హాల్లో కుర్చీలో కూర్చుని, లింకన్ కూర్చున్న బాక్సు, అంటే స్టేజీ పక్కన మేడ మీద జెండాలు కట్టిన ప్రత్యేక గది వైపు చాలాసేపు చూశాను. కాల్చింది కిరాయి మనిషి కాదు, పొట్టగడవనివాడు కాదు. జాన్ విల్క్స్ బూత్. 26 ఏళ్ళవాడు, అందగాడు, ఊరూరా గోడల మీద పేరు పడే నటుడు. ఏడాదికి 20,000 డాలర్లు వస్తున్నాయని చెప్పుకొన్నవాడు. అంతకు ఏడాదిన్నర ముందు, 1863 నవంబరు 9న, ఇదే థియేటర్లో అతను నాటకం ఆడుతుంటే లింకన్ కూర్చుని చూశాడు కూడా.

నాకు అనిపించింది చెప్తాను, తప్పయితే సరిచేయండి. రాజకీయ హత్య అని పుస్తకాల్లో రాస్తారు గానీ, లోపల ఉన్నది నటుడి ఆకలి. తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ అప్పట్లో అమెరికాలో షేక్స్‌పియర్ పాత్రలకి పెట్టింది పేరు. పేరులోనే సీజర్‌ని పొడిచిన బ్రూటస్! అన్న ఎడ్విన్ తండ్రిని మించిపోయాడు. 1864 నవంబరు నుంచి 1865 మార్చి దాకా న్యూయార్క్‌లో వరసగా వంద రాత్రులు హామ్లెట్ వేషం కట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే తమ్ముడికి గొంతు బొంగురుపోయిందనీ, నాటకాలు తగ్గాయనీ అంటారు. అన్న వంద రాత్రుల్లో సంపాదించుకున్న పేరుని వీడు ఒక్క రాత్రిలో దాటెయ్యాలనుకున్నాడు. లేకపోతే కాల్చినవాడు చీకట్లో జారుకోవాలి గానీ, స్టేజీ మీదికి దూకి, కత్తి పైకెత్తి, 'సిక్ సెంపర్ టిరానిస్' అని లాటిన్‌లో డైలాగు కొట్టడమేమిటి? నిరంకుశులకి ఎప్పుడూ ఇదే గతి అని దానర్థం. వర్జీనియా రాష్ట్ర ముద్ర మీద ఉండే మాట అది.

మీరేమంటారు?

సిక్కోలు టీచరమ్మ:

కృష్ణాతీరం గారూ, ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తున్నాను. ఈ 'నటుడి ఆకలి' మాట విన్నప్పుడల్లా నాకు మనసు కష్టపడుతుంది. లింకన్ ఎందుకు చనిపోయాడో అది మరిపించేస్తుందండీ.

బూత్ తన కారణాన్ని దాచుకోలేదు. 1864 చివర్లో ఒక పెద్ద ఉత్తరం రాసి, సీలు వేసి, అక్క ఆసియా ఇంట్లో పెట్టాడు. హత్య జరిగిన కొద్ది రోజులకే అది పత్రికల్లో అచ్చయింది. ఈ దేశం ఏర్పడింది తెల్లవాళ్ళ కోసం, నల్లవాళ్ళ కోసం కాదని అందులో రాశాడు. బానిసత్వం దేవుడు ఈ దేశానికిచ్చిన గొప్ప వరాల్లో ఒకటన్నాడు. ఎవరూ అతని నోట పెట్టిన మాటలు కావివి. తీరిగ్గా కూర్చుని తనే రాసుకున్నాడు.

ఇంక ఏప్రిల్ 11. బానిసత్వం నిలుపుకోవాలని దేశం నుంచి విడిపోయి యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాల సేనాని లీ లొంగిపోయి రెండు రోజులైంది. వైట్‌హౌస్ కిటికీ దగ్గర నిలబడి లింకన్ మాట్లాడాడు. నల్లవారిలో బాగా తెలివైనవాళ్ళకీ, యూనియన్ సైన్యంలో, అంటే లింకన్ పక్షాన పోరాడినవాళ్ళకీ ఓటు హక్కు ఇస్తే బాగుంటుందని ఆ ఉపన్యాసంలో అన్నాడు. ఒక అధ్యక్షుడు నలుగురిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. కింద గుంపులో బూత్ ఉన్నాడు. పక్కన అతని కుట్రలో భాగస్వాములు లూయిస్ పోవెల్, డేవిడ్ హెరాల్డ్. అంటే నల్లవాళ్ళకి పౌరసత్వమన్నమాట అని మండిపడి, అతను చేసే ఆఖరి ఉపన్యాసం ఇదేనని బూత్ అన్నట్టు తర్వాత వాళ్ళ ద్వారానే బయటికొచ్చింది. మూడు రోజులు తిరక్కుండా అన్నంత పనీ చేశాడు.

అన్న మీద అసూయతో మనిషి ఏ తాగుడుకో బానిసవుతాడు, లేకపోతే పోటీగా ఇంకో నాటకం వేస్తాడు. నల్లవాడికి ఓటు అన్న మాట వినగానే రివాల్వరు వెతుక్కున్నాడంటే అది అసూయ కాదు.

కృష్ణాతీరం:

టీచరమ్మ గారూ, రివాల్వరు కాదు, ఒంటి గుండు పిస్తోలు. అది పక్కన పెడితే, మీరు చెప్పిన ఉత్తరం సంగతి నాకు తెలుసు. అలాంటి అభిప్రాయాలు ఆ కాలంలో లక్షలమందికి ఉన్నాయి. లక్షలమందిలో ఒక్కడే ఎందుకు కాల్చాడు, అదీ థియేటర్లోనే ఎందుకు కాల్చాడు అన్నది నా ప్రశ్న.

సిక్కోలు టీచరమ్మ:

ఒంటి గుండు పిస్తోలే. దిద్దుకుంటున్నాను. మిగతా దాంట్లో మాత్రం దిద్దుకోవలసింది కనిపించలేదు నాకు.

పరిషత్తు పాతకాపు:

ఇద్దరికీ నమస్కారం. తెనాలి చుట్టుపక్కల పరిషత్తుల్లో పాతికేళ్ళు వేషాలు కట్టాను, నాటకాలు ఆడించాను. స్టేజీ తెలిసినవాడిగా కొన్ని సంగతులు చెప్పాలి.

కృష్ణాతీరం గారూ, అతను స్టేజీ మీదికి దూకింది డైలాగు కోసం కాదండీ. ఆ బాక్సు నక్షా ఒకసారి మనసులో పెట్టుకోండి. వెనక సన్నని నడవ. ఆ నడవ దాటితే మేడ మీద జనంతో నిండిన ప్రేక్షకుల వరసలు. కాల్చి వెనక్కి వస్తే వందలమంది చేతుల్లో పడతాడు. ముందుకి దూకితే కింద స్టేజీ. దాదాపు 12 అడుగులు. స్టేజీ మీద ఆ క్షణాన ఉన్నది ఒకే ఒక్క నటుడు, హ్యారీ హాక్. అతన్ని దాటితే సైడు వింగు, వింగు దాటితే వెనక తలుపు, తలుపు అవతల సందు, సందులో గుర్రం. ఆ థియేటర్లో ఆడినవాడికి ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. తప్పించుకునే దారి అదొక్కటే, అందుకే దూకాడు. దూకుతూ బాక్సుకి కట్టిన జెండాలో బూటు ముల్లు చిక్కుకుని తిన్నగా పడలేదు. ఎడమ కాలి ఎముక అప్పుడే విరిగిందని ఎక్కువమంది అంటారు, తర్వాత గుర్రం పడినప్పుడు విరిగిందనేవాళ్ళూ ఉన్నారు.

ఇంకోటి. ఆ రోజు మధ్యాహ్నం ఉత్తరాలు తీసుకుందామని అతను థియేటర్‌కి వెళ్ళాడు. ఊళ్ళు తిరిగే నటుడు కదా, ఉత్తరాలు ఆ అడ్రసుకే వచ్చేవి. లింకన్ రాత్రికి వస్తున్నాడని అక్కడే తెలిసింది. సాయంత్రానికల్లా గుర్రం, మనుషులు, తలుపు బిగించడానికి చెక్కముక్క అన్నీ సిద్ధం. నాటకం 'అవర్ అమెరికన్ కజిన్', హాస్య నాటకం. ఏ ముక్కకి హాలు హాలంతా గొల్లున నవ్వుతుందో అతనికి నోటికొచ్చు. హ్యారీ హాక్ ఒంటరిగా నిలబడి ఆ మాట అన్నాడు, జనం నవ్వారు, ఆ నవ్వులో పిస్తోలు పేలింది. నాటకంలో అదీ ఒక భాగమేననుకున్నారు చాలామంది.

నవ్వు ఎప్పుడు లేస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో తెలియడం నటుడికి అన్నం పెట్టే విద్య. ఎన్నోసార్లు ఆ నవ్వు కోసమే నేను స్టేజీ మీద ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. దాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి తల వెనక తుపాకీ పెట్టాడంటే తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కాబట్టి నా లెక్క ఇది: ఎలా చంపాలో రంగస్థలం నేర్పింది. ఎందుకు చంపాలో అది నేర్పలేదు.

ఓరుగల్లు చిన్నోడు:

పాతకాపు సార్ చెప్పింది మస్తుగ ఉన్నది. గొంతు ముచ్చట నేను చెప్త. గొంతు పోయింది కాబట్టి స్టేజీ ఇడిసిండు అన్నది నాకు నమ్మబుద్ధి అయితలేదు. 1864ల న్యూ ఆర్లీన్స్‌ల ఆడుతున్నప్పుడు గొంతు బొంగురువోయింది, నిజమే. కని ఆ ఎంటనే బోస్టన్‌ల నెల రోజులు ఆడిండు. అసలు విషయం ఏందంటే ఆ ఎండకాలం దాటినంక మనోడు సొంతంగ స్టేజీ బంద్ చేసిండు. తర్వాత ఎక్కింది మూడంటే మూడు సార్లు: నవంబరుల న్యూయార్క్, జనవరిల వాషింగ్టన్‌ల రోమియో, మార్చి 18న అదే ఫోర్డ్స్ థియేటర్ల. గొంతు లేనోనికి రోమియో వేషం ఎవరిస్తరు?

మరి గా టైంల ఏం చేసిండు? లింకన్‌ను ఎత్తుకపోయే ప్లాన్. ముందుగాల అది హత్య కాదు, కిడ్నాపు. 1864ల యుద్ధ ఖైదీల మార్పిడి ఆగిపోయింది. దక్షిణాదోళ్ళకు సైనికులు తక్కువవడ్డరు. లింకన్‌ను పట్టుకొని దక్షిణాదోళ్ళ రాజధాని రిచ్‌మండ్‌కు తీస్కపోతే ఆయనకు బదులు ఖైదీలను ఇడిపించుకోవచ్చని లెక్క. చిన్నప్పటి దోస్తులు శామ్యూల్ ఆర్నల్డ్‌ను, మైకేల్ ఓలాఫ్లిన్‌ను కలుపుకున్నడు. అక్టోబరుల కెనడాకు, మాంట్రియల్‌కు పోయిండు. దక్షిణాది ఏజెంట్లు ఉండే ఊరు అది. ఆడ బ్యాంకుల 455 డాలర్లు కూడ ఏసిండు. 1865 మార్చి 17న రోడ్డు మీద కాపు కాసిన్రు, లింకన్ ఆ దిక్కు రానేలేదు.

అన్నిటికన్న ముఖ్యమైంది ఇగో. ఆ కెనడా పోయినప్పుడే తన నాటకం బట్టల పెట్టెలను ఓడల దక్షిణాదికి పంపిండు. ఆలోచన చేయుండ్రి. పేరు కోసం పాకులాడే నటుడు తన వేషాల పెట్టెను పంపించుకుంటడా? నాటకం ఇడిసిపెట్టి పార్టీ పనికి పోయినోడు పంపిస్తడు.

నల్లమల గాలి:

వాళ్ళ నాన్నకి మతిభ్రమణం వచ్చేదని చదివాను. తాగుడు, పూనకాలు. 1852లో స్టీమరు ప్రయాణంలో పోయాడు. ఇది వంశంలోని పిచ్చి ఎందుకు కాకూడదు?

సిక్కోలు టీచరమ్మ:

పిచ్చివాడు ఒకే రాత్రి మూడు చోట్ల దాడి ఏర్పాటు చెయ్యలేడు కదండీ. లింకన్‌ని తను, విదేశాంగ మంత్రి సీవార్డ్‌ని పోవెల్, ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ని జార్జ్ అట్జెరాట్ చంపాలి. సీవార్డ్ ఇంట్లోకి పోవెల్ దూరి, గుర్రబ్బండి ప్రమాదంలో గాయపడి మంచంలో ఉన్న ఆయన్ని కత్తితో పొడిచాడు, కానీ ఆయన బతికాడు. అట్జెరాట్‌కి ధైర్యం చాల్లేదు. ప్రభుత్వం తల నరికేస్తే ఓడిపోతున్న పక్షం మళ్ళీ లేస్తుందన్న లెక్క ఉంది అందులో. తప్పుడు లెక్క, దుర్మార్గపు లెక్క. అయినా లెక్కే.

పిచ్చి అంటారా, అది పట్టుకున్నది వేరేవాళ్ళని. ఆ రాత్రి బాక్సులో లింకన్ దంపతులతో పాటు మేజర్ రాత్‌బోన్, అతనికి కాబోయే భార్య క్లారా హారిస్ ఉన్నారు. అడ్డుపడబోయిన రాత్‌బోన్ చెయ్యి బూత్ కత్తికి లోతుగా తెగింది. చెయ్యి మానింది గానీ మనసు మానలేదు. 1883లో జర్మనీలో ఉండగా భార్యని తనే చంపి, మిగతా బతుకంతా అక్కడి పిచ్చాసుపత్రిలోనే గడిపి, 1911లో పోయాడు. క్లారా పేరు ఎవరైనా తలుచుకుంటారా?

టెక్సాస్ తెలుగు:

ఇక్కడ ఒక కోణం ఎవరూ చెప్పలేదు. హత్యని సమర్థించడానికి కాదు, అతని తలలో ఏముందో తెలుసుకోవడానికి రాస్తున్నాను. బూత్ పుట్టింది మేరీల్యాండ్‌లో, బెల్ ఎయిర్ దగ్గర, 1838లో. బానిసత్వం ఉండి కూడా యూనియన్ విడిచిపెట్టని రాష్ట్రం. 1861 ఏప్రిల్ 19న బాల్టిమోర్ వీధుల్లో సైనికులకీ జనానికీ మధ్య రక్తం పారింది. ఆ తర్వాత లింకన్ హెబియస్ కార్పస్ హక్కుని నిలిపేశాడు. సెప్టెంబరులో ఏకంగా మేరీల్యాండ్ శాసనసభ్యుల్నే అరెస్టు చేశారు. కోర్టులో హాజరుపరచకుండా జనాన్ని జైళ్ళలో పెట్టారు. ఎమర్జెన్సీ చూసిన మనవాళ్ళకి ఆ మాట ఎంత భయపెడుతుందో వేరే చెప్పాలా?

ఎడ్విన్ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు: నేను లింకన్‌కి ఓటేశానని చెబితే జాన్ బాధపడ్డాడు, లింకన్ అమెరికాకి రాజైపోతాడని నమ్మాడు అని. అంటే నియంత అన్న మాట స్టేజీ కోసం తయారుచేసుకున్నది కాదు. నిజంగా నమ్మాడు. మరి అతని దృష్టిలో ఇది బ్రూటస్ చేసిన పనే కదా?

సిక్కోలు టీచరమ్మ:

టెక్సాస్ తెలుగు గారూ, అరెస్టుల సంగతి నిజం, అది తప్పేనని నేనూ పిల్లలకి చెప్తాను. కానీ నియంత అయితే యుద్ధం మధ్యలో ఎన్నికలు పెడతాడా? 1864 నవంబరులో పెట్టారు. లింకన్‌కి 212 ఎలక్టోరల్ ఓట్లు, ఎదుటివాడికి 21. ఓడిపోతానేమోనని ఆ ఆగస్టులో లింకనే భయపడ్డాడు, అయినా వాయిదా వెయ్యలేదు.

అదే నవంబరు 1న మేరీల్యాండ్‌లో కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. బానిసత్వం రద్దు. ప్రజల ఓటుతో, బొటాబొటీ మెజారిటీతో. అంటే బూత్ సొంత రాష్ట్రమే ఓటేసి సంకెళ్ళు తెంపింది. ఆ నెలలో అతను రాసిన ఉత్తరంలో దాని మీద సంతోషం కనిపించదు, బానిసత్వం వరమన్న మాట కనిపిస్తుంది. అతనికి నిరంకుశత్వం మీదే కోపమైతే, మనిషిని సంతలో అమ్మడం కన్నా నిరంకుశత్వం ఇంకేముంది? తోటల్లో కొరడా పట్టుకున్నవాడిని చూసి అతనికి ఎప్పుడూ బ్రూటస్ గుర్తుకురాలేదు.

టెక్సాస్ తెలుగు:

ఆ చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు, టీచర్ గారూ. ఒప్పుకుంటున్నాను. అతను నమ్మాడన్నంతవరకే నా వాదన. నమ్మినది న్యాయమని నేననలేదు.

కృష్ణాతీరం:

నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పాతకాపు గారు ఎందుకు దూకాడో చెప్పాక నా మొదటి వాదన సగం కూలిందని నిజాయితీగా చెప్తున్నాను. మిగిలిన సగం మాత్రం వదలను.

హత్య తర్వాత ఏం చేశాడో చూడండి. డాక్టర్ మడ్ దగ్గర కాలు కట్టించుకుని, పొటోమాక్ నది దాటే వీలు చిక్కక, మేరీల్యాండ్‌లో పైన్ చెట్ల తోపులో హెరాల్డ్‌తో కలిసి రోజుల తరబడి దాక్కున్నాడు. చలి, నొప్పి, మంట వేసుకోవడానికి లేదు. థామస్ జోన్స్ అనే అతను రహస్యంగా తిండి తెచ్చిచ్చేవాడు. తిండితో పాటు బూత్ అడిగింది వార్తాపత్రికలు! తన గురించి ఏం రాశారోనని. దక్షిణాది పత్రికలు కూడా తిట్టిపోస్తుంటే తట్టుకోలేకపోయాడు. జేబుడైరీలో రాసుకున్నాడు: బ్రూటస్‌ని దేనికైతే గౌరవించారో, నిరంకుశుణ్ణి చంపిన స్విస్ కథానాయకుడు విలియం టెల్‌ని ఏది వీరుణ్ణి చేసిందో, అదే నేను చేశాను, నన్ను మాత్రం హంతకుడిలా తరుముతున్నారని. తెల్లారి లేచి పేపర్లో సమీక్ష వెతుక్కునే నటుడు కాదా ఇతను? చప్పట్లు వస్తాయనుకున్నాడు, రాలేదు, విలవిల్లాడాడు. సిద్ధాంతం కోసం చేసినవాడికి లోకం ఏమంటే ఏంటి?

పరిషత్తు పాతకాపు:

ఈ పోస్టు బాగుంది. ఇందులో నిజం ఉంది. చప్పట్ల దాహం అతనికి ఉంది, కాదనను.

కానీ ఒక్క సంగతి నన్ను చాలా ఏళ్ళుగా వెంటాడుతోంది. 1864 నవంబరు 25న న్యూయార్క్ వింటర్ గార్డెన్ థియేటర్లో బూత్ అన్నదమ్ములు ముగ్గురూ మొట్టమొదటిసారి, ఆఖరుసారి కూడా, కలిసి ఆడారు. షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్'. సెంట్రల్ పార్కులో షేక్స్‌పియర్ విగ్రహానికి చందా కోసం. ఎడ్విన్ బ్రూటస్, పెద్దన్న జూనియస్ కాసియస్. మరి జాన్? మార్క్ ఆంటోనీ. సీజర్ శవం మీద పడి ఏడ్చి, హంతకుల మీదికి రోము జనాన్ని ఉసిగొల్పే పాత్ర! చంపితే ఏమవుతుందో, జనం ఎలా తిరగబడతారో, బ్రూటస్ గతి ఏమవుతుందో ఆ రాత్రి అతని నోటితోనే పలికాడు. నాటకాన్ని సరిగ్గా చదివినవాడు, పాత్రలో నిజంగా లీనమైనవాడు, ఆంటోనీగా ఆడిన ఐదు నెలలకే సీజర్‌ని చంపడు. రంగస్థలం అతన్ని చెడగొట్టలేదండీ. రంగస్థలం చెప్పింది అతనికి ఎక్కలేదు.

అదే రాత్రి దక్షిణాది ఏజెంట్లు న్యూయార్క్ హోటళ్ళకి నిప్పు పెట్టారు. థియేటర్‌ని ఆనుకున్న హోటల్లో కూడా మంటలు లేచాయి. హాల్లో జనం లేచి పరుగెత్తబోతుంటే ఎడ్విన్ స్టేజీ ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పి శాంతపరిచాడు. ఒకే ఇంటి పిల్లలు, ఒకే గురువు, ఒకే విద్య. ఒకడు ఆ గొంతుతో జనాన్ని కాపాడాడు.

గోదారి గట్టు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బూత్ అసలు చావలేదనీ, ఓక్లహోమాలో 1903 దాకా మారుపేరుతో బతికాడనీ, ఆ శవాన్ని మమ్మీ చేసి ఊరూరా తిప్పారనీ ఒక వీడియోలో చూశాను. నిజమా?

ఓరుగల్లు చిన్నోడు:

మమ్మీని తిప్పి పైసలు వసూలు చేసింది నిజం, గది బూత్ అన్నది అబద్ధం. 1865 ఏప్రిల్ 26న వర్జీనియాల గ్యారెట్ తోట పొగాకు కొట్టంల చుట్టుముట్టిన్రు. హెరాల్డ్ బయటికొచ్చి లొంగిండు, బూత్ రాలే. కొట్టానికి నిప్పు వెట్టిన్రు. బోస్టన్ కార్బెట్ అనే సార్జెంటు పలకల సందుకెల్లి మెడల కాల్చిండు. వాషింగ్టన్‌కు తెచ్చినంక చేతి మీద పచ్చబొట్టు అక్షరాలు, మెడ మీది పాత ఆపరేషన్ మచ్చ చూసి గుర్తుపట్టిన్రు. మెడకు ఆపరేషన్ చేసిన డాక్టరే వచ్చి చూసిండు. 1995ల సమాధి తవ్వుతమని కోర్టుకు పోతే బాల్టిమోర్ జడ్జి ఒప్పుకోలే. ఈ ముచ్చట ఈడికి చాలు అన్నా.

సిక్కోలు టీచరమ్మ:

కొట్టం ముచ్చట వచ్చింది కాబట్టి. చచ్చిపోతూ అతను, దేశం కోసం చచ్చిపోయానని అమ్మకి చెప్పండి అన్నాడట. చేతులు ఎత్తి చూపించమని, వాటిని చూసి, పనికిరానివి, పనికిరానివి అన్నాడట. ఆ రెండో మాట మీద చాలామంది కవిత్వం రాస్తారు. నాకు మొదటి మాటే ముఖ్యం. ఏ దేశం? యుద్ధం జరిగిన నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా అతను ఆ దేశపు సైన్యంలో చేరలేదు. అమ్మకి మాటిచ్చాను, అందుకే చేరలేదన్నాడు. అతని వయసు కుర్రాళ్ళు రెండు వైపులా లక్షల్లో మట్టిలో కలిశారు.

అతను ఆపాలనుకున్న నల్లవారి పౌరసత్వం 1868లో 14వ సవరణగా వచ్చింది. ఓటు హక్కు 1870లో 15వ సవరణగా వచ్చింది. కాకపోతే లింకన్ స్థానంలో కూర్చున్న జాన్సన్ దక్షిణాది పాత దొరలకి క్షమాభిక్షలు పంచాడు, వాళ్ళు నల్లవారిని మళ్ళీ పొలాలకి కట్టేసే చట్టాలు చేశారు. లింకన్ బతికుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పోయిన ఆ అవకాశం విలువ మాత్రం ఆ పొలాల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. అందుకే ఇది నటుడి కథ అంటే నాకు కోపం వస్తుంది. కథలో నటుడే ఉంటాడు, పొలంలో ఉన్న మనిషి కనిపించడు.

కృష్ణాతీరం:

టీచరమ్మ గారూ, ఈ పోస్టు రెండుసార్లు చదివాను. థియేటర్లో కూర్చున్నప్పుడు నేను బాక్సు వైపే చూశాను, స్టేజీ వైపే చూశాను. మీరన్న పొలం నాకు తట్టలేదు. ఎందుకు చంపాడన్న దానికి మీ జవాబే సరైనదని ఒప్పుకుంటున్నాను. చప్పట్ల దాహం ఉందన్నది నా మాటగా ఉంచుకుంటాను, పాతకాపు గారు కూడా ఒప్పుకున్నారు కాబట్టి.

పరిషత్తు పాతకాపు:

వాదన తేలినట్టే ఉంది. నాటకాల వాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, అది చెప్పి ఊరుకుంటాను.

ఆ హత్య తర్వాత దెబ్బ తిన్నది నాటకాల కుటుంబాలు. థియేటర్ యజమాని జాన్ ఫోర్డ్‌ని నెలకి పైగా జైల్లో పెట్టారు. పెద్దన్న జూనియస్ సిన్సినాటిలో ఆడుతుంటే గుంపు మీదపడబోయింది, తర్వాత అతన్నీ జైల్లో పెట్టారు. అక్క ఆసియా నిండు గర్భిణి. ఆమె ఇంటికి కాపలా, భర్తకి జైలు. ఆమె తర్వాత ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. తమ్ముడి గురించి రహస్యంగా రాసిపెట్టుకున్న పుస్తకం ఆమె పోయిన యాభై ఏళ్ళకి, 1938లో గానీ వెలుగు చూడలేదు.

నాకు అందరికన్నా గుండె పిండేసేది ఎడ్మన్ స్పాంగ్లర్. ఫోర్డ్స్ థియేటర్లో వడ్రంగి, సెట్లు మార్చే మనిషి. బూత్ వెనక సందులోకొచ్చి గుర్రాన్ని కాసేపు పట్టుకోమన్నాడు. తెర వెనక పని ఉండి, స్పాంగ్లర్ ఆ కళ్ళెం ఇంకో కుర్రాడి చేతికిచ్చి లోపలికి పోయాడు. దానికి ఆరేళ్ళ శిక్ష! కుట్రదారులు కలుసుకున్న వసతిగృహం నడిపిన మేరీ సరాట్‌ని, పోవెల్, హెరాల్డ్, అట్జెరాట్‌లని జూలై 7న ఉరి తీశారు. స్పాంగ్లర్‌ని డాక్టర్ మడ్‌తో, ఆర్నల్డ్‌తో, ఓలాఫ్లిన్‌తో కలిపి ఫ్లోరిడా దాటాక సముద్రం మధ్యలో ఉన్న జెఫర్సన్ కోటకి పంపారు. ఓలాఫ్లిన్ అక్కడే పచ్చజ్వరంతో పోయాడు. 1869లో క్షమాభిక్ష వచ్చాక స్పాంగ్లర్ మడ్ గారి పొలంలోనే చిన్న చిన్న వడ్రంగిపనులు చేసుకుంటూ బతికి, 1875లో కన్నుమూశాడు. పెద్ద నటుడు 'కాస్త ఇది పట్టుకో' అంటే కాదనే తెర వెనక మనిషి ఎక్కడైనా ఉంటాడా? నేనూ ఎంతోమందికి అలా చెప్పాను. వాళ్ళు ఒక్కసారీ ఎందుకని అడగలేదు.

ఓరుగల్లు చిన్నోడు:

సార్, ఒక్కటి అడుగుత. నేను చెప్పిన ఆ బట్టల పెట్టెలు ఏమైనయో మీకు తెలుసా?

పరిషత్తు పాతకాపు:

ఆ ఓడ సెయింట్ లారెన్స్ నదిలో ప్రమాదానికి గురైంది. పెట్టెలు తడిసి దొరికాయి, వేలంలో అమ్మారు. చివరికి ఎలాగో ఎడ్విన్ దగ్గరికి చేరాయి. ఎడ్విన్ చాలా నెలలు స్టేజీ ఎక్కలేదు, 1866 జనవరిలో హామ్లెట్‌గా తిరిగొస్తే న్యూయార్క్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత సొంత థియేటర్ కట్టుకున్నాడు. అక్కడ పనిచేసినతను చెప్పిన సంగతి ఇది. 1870లలో ఒకనాడు తెల్లారుజామున ఎడ్విన్ అతన్ని లేపి, కింద ఫర్నేసు గదిలోకి తీసుకెళ్ళాడు. పెట్టె తాళ్ళు గొడ్డలితో కోయించాడు. తమ్ముడి వేషాలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నిప్పులో వెయ్యమని ఇచ్చాడు. ఖాళీ అయ్యాక పెట్టెని కూడా ముక్కలు కొట్టించి అందులోనే వేయించాడట.